లెక్క ఒకచోట, గళ్లు ఒకచోట: తెలుగు అచ్చులో పట్టికల సమస్య

ఉగాదికి చాలా ముందే రాజమండ్రి ప్రచురణ సంస్థల్లో పంచాంగం పని మొదలవుతుంది. సిద్ధాంతి కట్టిన గణితం ఒక ఎక్సెల్ షీట్‌లో ఉంటుంది. అచ్చుకు వెళ్లే పేజీ ఇన్‌డిజైన్‌లో, కొన్నిచోట్ల ఈనాటికీ పేజ్‌మేకర్‌లో ఉంటుంది. అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని మండపేటలో ఇదే పని చిన్న ఎత్తున ఏడాది పొడవునా సాగుతుంది. బియ్యం మిల్లు ధరల పట్టిక, సహకార సంఘం మహాజన సభలో పంచే ఆదాయ వ్యయాల పుస్తకం, ద్వారపూడి బట్టల దుకాణం రేట్ల కాగితం, గుడి దాతల జాబితా, కోళ్ల రైతుల గుడ్డు ధరల పట్టిక. అన్నిటా సమస్య ఒకటే. లెక్క ఒకచోట పుట్టి, గళ్లు మరోచోట నిలబడతాయి. ఒకదాని నుంచి మరోదానిలోకి అంకెలు చెడకుండా, శ్రమ రెట్టింపు కాకుండా ఎలా చేరాలి?

ఈ ప్రశ్న మీద డీటీపీ ఆపరేటర్లు, ప్రచురణకర్తలు, ప్రోగ్రామర్లు తలోమాట అంటారు. షీట్ నుంచి కాపీ చేసి అంటించడమే మేలని ఒకరు, షీట్‌కూ పేజీకీ లింకు ఉండాలని ఒకరు, పేజీని చేత్తో ముట్టుకోకుండా ప్రోగ్రాముతో నింపాలని మరొకరు. ప్రతివాళ్ల దగ్గరా తమ అనుభవం ఉంది కనుక వాదన ముడిపడిపోయింది. సాఫ్ట్‌వేర్ పేర్ల చుట్టూ తిరిగే ఈ చర్చలో అసలు ప్రశ్న పక్కకు పోతోందనిపిస్తుంది. పేజీ కట్టిన తర్వాత అంకె ఎన్నిసార్లు మారుతుంది, ఆ మార్పును ఎవరు, ఎక్కడ చేస్తారు అన్నదే ఏ దారి మంచిదో తేల్చాలి.

సీసం నాటి గళ్లు

కందుకూరి వీరేశలింగం 1874లో రాజమండ్రిలో వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టినప్పుడు అచ్చు కోసం మద్రాసు మీద ఆధారపడవలసి వచ్చింది. సొంత ముద్రణాలయం ఆ తర్వాత వచ్చింది. ఆ తరం అచ్చులో పట్టిక ఖరీదైన పని. వచనాన్ని వరుస తర్వాత వరుసగా పేర్చుకుంటూ పోవచ్చు. పట్టికకు ప్రతి గడి వెడల్పూ ముందే లెక్కకట్టాలి, అంకెల పక్క ఖాళీలను సీసపు ముక్కలతో నింపాలి, నిలువు గీతలకు ఇత్తడి రూళ్లు నిలబెట్టాలి. ఒక గడిలో ఒక అంకె పెరిగినా ఆ వరుస మొత్తం విప్పాలి. మళ్లీ మళ్లీ వచ్చే ఫారాలను విప్పకుండా తాళ్లు కట్టి దాచుకోవడం అందుకే అచ్చు లోకంలో అలవాటైంది. తలకట్టు, గీతలు కదలవు, అంకెలు మాత్రం మారతాయి. రూపాన్నీ విషయాన్నీ వేరుగా ఉంచాలనే సూత్రాన్ని ఆనాటి కంపోజిటర్లు చేతుల్లోనే పాటించారు. కంప్యూటర్ వచ్చిన తొలి రోజుల్లో మనం పోగొట్టుకున్నది సరిగ్గా ఆ సూత్రాన్నే.

ఆల్డస్ సంస్థ పేజ్‌మేకర్‌ను 1985లో తెచ్చింది. 1994లో అది అడోబీ చేతికి వచ్చింది. 2001లో వచ్చిన ఏడో వెర్షనే చివరిది, 2004లో అడోబీ దాని అభివృద్ధిని ఆపేసింది. తెలుగు జిల్లాల్లో పేజ్‌మేకర్‌కు అను ఫాంట్లు తోడయ్యాయి. ఆ జంటతోనే ఒక తరం ఆపరేటర్లు బతుకు వెళ్లదీశారు. పెళ్లి శుభలేఖ నుంచి పరిశోధన గ్రంథం దాకా అన్నీ అందులోనే తయారయ్యాయి. కానీ పేజ్‌మేకర్ పేజీలో పట్టిక అనే వస్తువే లేదు. అడోబీ టేబుల్ అనే వేరే చిన్న ప్రోగ్రాము ఉండేది. అందులో గళ్లు చేసి బొమ్మలా తెచ్చి పెట్టుకోవాలి. ఎక్కువమంది ఆ జోలికి పోకుండా ట్యాబ్‌లతో సరిపెట్టుకున్నారు. అంకె, ట్యాబ్, అంకె, ట్యాబ్ అంటూ కొట్టుకుపోయి, పైన విడిగా గీతలు గీసేవారు. మధ్యలో ఒక వరుస చేరిస్తే అక్షరాలు కిందికి జరిగేవి, గీతలు ఉన్నచోటే ఉండేవి. ప్రూఫు దిద్దిన ప్రతిసారీ గీతలు సర్దడమే ఒక పూట పని.

2002లో పరిస్థితి మారింది. ఇన్‌డిజైన్ 2.0లో పట్టిక నేరుగా పాఠంలో భాగమైంది. క్వార్క్ ఎక్స్‌ప్రెస్ అయిదో వెర్షన్ కూడా అదే ఏడాది పట్టికలతో వచ్చింది. వరుస చేరిస్తే గీత దానితో పాటే జరిగింది. 2007 నాటి ఇన్‌డిజైన్ సీఎస్3లో పట్టిక స్టైల్, గడి స్టైల్ వచ్చాయి. రూపాన్ని ఒకచోట నిర్ణయించి ఎన్ని పట్టికలకైనా వేయవచ్చు. సీసం కాలంలో కట్టి దాచుకున్న ఫారం మళ్లీ చేతికొచ్చినట్టే. కానీ తెలుగువాళ్లకు ఈ మేలు ఆలస్యంగా అందింది. ఇన్‌డిజైన్‌లో తెలుగు యూనికోడ్‌కు అధికారిక మద్దతు 2012 నాటి సీఎస్6తో గాని రాలేదు. అందాకా తెలుగు పేజీ పాత ఫాంట్ల పేజీయే.

అంటించేవాళ్లు, ముడివేసేవాళ్లు

మొదటి పక్షం కాపీ-పేస్ట్. షీట్‌లో కావలసిన గళ్లు ఎంచుకుని, ఇన్‌డిజైన్‌లో అన్నే గళ్లు గీసుకుని, అందులో అంటించడం. దీన్ని బద్ధకస్తుల దారి అని కొట్టిపారేయడం అన్యాయం. గుడి దాతల జాబితా ఒక్కసారి అచ్చవుతుంది. మహాజన సభ పుస్తకం ఏడాదికి ఒకటి, అందులోని పట్టికలు పదో పన్నెండో. అంత పనికి స్క్రిప్టు రాయించుకోవడం దండగ. పైగా అంటించిన ఆపరేటరు ప్రతి గడినీ కంటితో చూస్తాడు. ఆ చూపులో పట్టుబడే తప్పులు ప్రోగ్రాము నడిచినప్పుడు పట్టుబడవు. ఈ పక్షం చెప్పే మాటల్లో బలమైనది ఇదే.

దాని బలహీనత రెండో ప్రూఫు దగ్గర బయటపడుతుంది. సంఘం కార్యదర్శి పేజీ మీద ఒక మొత్తాన్ని దిద్దుతాడు. ఆపరేటరు పేజీలో మారుస్తాడు. షీట్‌లో పాత అంకె అలాగే ఉండిపోతుంది. వచ్చే ఏడాది ఆ షీట్ నుంచే కొత్త పుస్తకం మొదలైతే నిరుటి తప్పు మళ్లీ అచ్చులోకి వస్తుంది.

రెండో పక్షం లింకు వైపు. ఇన్‌డిజైన్‌లో ప్లేస్ ఆజ్ఞతో షీట్‌ను తెచ్చేటప్పుడు లింకు ఉంచుకునే వీలుంది, కానీ ఆ సెట్టింగును ప్రిఫరెన్సెస్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. ఏ షీట్, ఏ గడి నుంచి ఏ గడి వరకు, ఎన్ని దశాంశాలు, రూపంతో సహా తేవాలా లేక ఉత్త పట్టికగానా, ట్యాబ్‌ల పాఠంగానా అన్నవన్నీ దిగుమతి ముందు ఎంచుకోవచ్చు. షీట్ మారితే లింకుల జాబితాలో హెచ్చరిక వస్తుంది. ఒక్క నొక్కుతో కొత్త అంకెలు వచ్చేస్తాయి.

ఈ పక్షంలో నిరాశపడి వెనక్కి వెళ్లినవాళ్లూ ఉన్నారు. కారణం ఒకటే. లింకు తాజా చేసినప్పుడు పేజీలో చేత్తో చేసిన అలంకరణ పోతుంది. కలిపిన గళ్లు విడిపోతాయి, వేసిన రంగులు మాయమవుతాయి. షీట్ రూపాన్ని మొదటిసారి మాత్రమే తీసుకుని, ఆపై పేజీలోని రూపాన్ని నిలిపే ఎంపిక ఒకటి ఉంది. అది సగం ఊరట. అలంకరణంతా స్టైళ్ల ద్వారా వేసినవాళ్లకు నష్టం తక్కువ, గడి గడికీ చేత్తో వేసినవాళ్లకు ఎక్కువ. అంటే లింకు వైఫల్యంగా కనిపించేది చాలావరకు పేజీ కట్టే అలవాటులోని లోపం.

మండపేటకు లింకు విలువ 2022లో బాగా తెలిసి ఉండాలి. ఆ ఏడాది ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మండపేట తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లాలోకి వెళ్లింది. సభ్యుల జాబితా, డీలర్ల చిరునామాలు, బిల్లు పుస్తకాల తలకట్టు అన్నిటా జిల్లా పేరు మారాలి. షీట్‌లో ఒక నిలువు వరుస మారిస్తే అన్ని పేజీలూ మారాల్సిన మార్పు అది. అంటించిన పేజీల్లో ప్రతి వరుసా వెతకాల్సి వచ్చేది. జీఎస్‌టీ శ్లాబులు 2025 సెప్టెంబరు 22న మారినప్పుడు రేట్ల కాగితాలదీ అదే కథ. జిల్లా గీతలు, పన్ను రేట్లు మన చేతిలో ఉండవు. మారినప్పుడు ఎక్కడ దిద్దాలో ముందే తేల్చుకోవడం మన చేతిలో ఉంది.

నింపే యంత్రాలు

మూడో పక్షం పేజీని పూర్తిగా ప్రోగ్రాముకు అప్పగిస్తుంది. ఇందులోనే మూడు నాలుగు దారులున్నాయి, వాటిని ఒకే గాటన కట్టడం వల్ల చర్చ ఇంకా గజిబిజి అయింది.

డేటా మెర్జ్ అన్నిటికంటే తేలిక. పేజ్‌మేకర్ 7లోనూ ఉంది, ఇన్‌డిజైన్‌లో సీఎస్2 నుంచి ఉంది. కానీ అది వరుసకు ఒక కార్డు చేసే పనిముట్టు. హాల్ టికెట్లు, గుర్తింపు కార్డులు, చిరునామా చీటీలు దానికి తగినవి. ఎన్ని వరుసలుంటే అంత పొడవు పెరిగే పట్టిక దానితో రాదు. ఇది తెలియక దానితో తంటాలు పడి, ఆటోమేషన్ అంతా మోసమని తేల్చుకున్నవాళ్లున్నారు.

ఎక్స్‌ఎమ్‌ఎల్ దారి ఎక్కువ శక్తిగలది, ఎక్కువ మొండిది. పట్టికలో ఎన్ని వరుసలు, ఎన్ని నిలువులు అన్నది ఫైల్లోనే ముందుగా చెప్పాలి. ఏ గడికి ఏ స్టైల్ అన్నదీ అందులోనే రాయవచ్చు. అమెరికా రక్షణ శాఖ సాంకేతిక పత్రాల కోసం పుట్టిన కాల్స్ పట్టిక నమూనాను కూడా ఇన్‌డిజైన్ చదువుతుంది. పెద్ద ప్రచురణ సంస్థలు, విమానాల మాన్యువళ్లు రాసేవాళ్లు దీన్ని వాడతారు. ముగ్గురు పనిచేసే ప్రెస్సులో ఇది నిలబడటం కష్టం. 65బిట్ సంస్థ తయారుచేసే ఈజీకేటలాగ్ వంటి ప్లగిన్లు ఆ కష్టాన్ని చాలావరకు తీరుస్తాయి గాని, వాటి ధర కేటలాగులు వేసే పెద్ద కంపెనీలకు తగినట్టు ఉంటుంది.

వీటి నడుమ ఒక దారికి రావలసినంత పేరు రాలేదు. ట్యాగ్డ్ టెక్స్ట్. అది మామూలు పాఠం ఫైలే. పట్టిక ఎక్కడ మొదలు, వరుస ఎక్కడ మొదలు, గడి ఎక్కడ మొదలు, ఏ గడికి ఏ స్టైల్ అన్నవి గుర్తులతో రాసి ఉంటాయి. కావలసిన నమూనా ఒకటి పేజీలో చేసుకుని ఎగుమతి చేస్తే ఆ గుర్తులన్నీ కళ్లముందు కనిపిస్తాయి. ఎక్సెల్ సూత్రంతోనో, పది పదిహేను వరుసల పైథాన్ ప్రోగ్రాముతోనో అలాంటి ఫైలును మళ్లీ మళ్లీ పుట్టించవచ్చు. లైసెన్సు ఖర్చు లేదు, ప్లగిన్ అక్కరలేదు. చిన్న ఊళ్ల ప్రెస్సులకు ఇంతకంటే తగిన దారి కనిపించదు. దీన్ని నేర్పేవాళ్లు లేకపోవడమే లోటు. ఊళ్లలోని డీటీపీ కోర్సులు కీబోర్డు, ఫాంటు, శుభలేఖల దగ్గరే ఆగిపోతున్నాయి.

ఇన్‌డిజైన్ లోపలే జావాస్క్రిప్ట్‌తో పట్టికలు నింపడం ఇంకో పద్ధతి. చేయలేనిది దాదాపు ఉండదు. రాసినవాడు ఊరు వదిలి వెళ్తే దాన్ని బాగుచేసేవాళ్లు దొరకరు.

పేజీ సాఫ్ట్‌వేరే వద్దనేవాళ్లు

నాలుగో పక్షం ఈ మొత్తం తగాదా అనవసరం అంటుంది. డోనల్డ్ నూత్ 1970ల చివర మొదలుపెట్టిన టెక్‌లో గాని, బ్రౌజర్ పేజీని పీడీఎఫ్‌గా మార్చే పద్ధతుల్లో గాని దిగుమతి అనే మెట్టే లేదు. గళ్లను కామాలతో విడదీసి దాచే సీఎస్‌వీ ఫైలును చదివి పట్టిక దానంతటదే తయారవుతుంది, పొడవైతే తలకట్టుతో సహా తర్వాతి పేజీకి పోతుంది. 2004లో జోనథన్ క్యూ తెచ్చిన జీటెక్‌తో యూనికోడ్ తెలుగు టెక్‌లో సాధ్యమైంది. వాదనగా ఇది పటిష్ఠం. కానీ పేజీని కంటితో చూస్తూ సర్దే అలవాటున్న ఆపరేటరుకు ఇది వేరే వృత్తి నేర్చుకోవడంతో సమానం. అచ్చాఫీసులో ఆ మనిషిని పక్కన పెట్టి మాట్లాడటం సరికాదు.

పంచాంగం పెట్టే పరీక్ష

ఏ పక్షం మాట ఎంతవరకు నిలుస్తుందో చూడటానికి పంచాంగాన్ని మించిన గీటురాయి తెలుగులో లేదు. పైకి అది ఉత్త పట్టిక. తేదీ, వారం, తిథి, నక్షత్రం, యోగం, కరణం, వర్జ్యం, దుర్ముహూర్తం. రోజుకు ఒక వరుస. పక్షానికి ఒక పేజీ చొప్పున సర్దితే చక్కగా సరిపోతుందనిపిస్తుంది.

చిక్కు ఖగోళంలోనే ఉంది. సూర్యచంద్రుల మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. చంద్రుడి వేగం మారుతుంది కనుక తిథి నిడివి సుమారు 19 గంటల నుంచి 26 గంటల దాకా మారుతుంది. ఫలితంగా కొన్ని తిథులు రెండు సూర్యోదయాలను తాకుతాయి, కొన్ని ఒక్కదాన్నీ తాకవు. ఒక రోజు వరుసలో రెండు తిథుల ముగింపు రాయాలి, మరో రోజు ముగింపే ఉండదు. కరణం తిథిలో సగం, కనుక రోజుకు సాధారణంగా రెండు. వర్జ్యం ఒక రోజు అసలు ఉండకపోవచ్చు.

అంటే రోజుకు ఒక వరుస అన్నది అచ్చు రూపం మాత్రమే, లెక్క రూపం కాదు. లెక్క రూపంలో ఒక్కో తిథి ఒక్కో వరుస. దానికి మొదలైన క్షణం, ముగిసిన క్షణం ఉంటాయి. షీట్‌నే రోజువారీ గళ్లుగా రాసుకుంటే ఒకే గడిలో రెండు తిథులు, వాటి ముగింపులు ఇరికించాలి. ఆ గడిని ఆ తర్వాత ఏ ప్రోగ్రామూ సరిగా విడదీయలేదు. లింకు పక్షం చెప్పే సుఖం ఇక్కడ పనిచేయదు. షీట్ ఎలా ఉంటే పేజీ అలా ఉంటుంది మరి. లెక్కను ఒక రూపంలో ఉంచి, రోజువారీ వరుసలుగా మలిచే మెట్టు మధ్యలో కావాలి. పంచాంగం విషయంలో మూడో పక్షమే నెగ్గుతుంది.

ఇంకో కారణమూ ఉంది. తిథి ముగింపును సూర్యోదయం నుంచి ఘడియల్లోనూ, గడియారం ప్రకారం గంటల్లోనూ ఇవ్వడం ఆనవాయితీ. ఘడియ 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు, రోజుకు 60 ఘడియలు. రెండు నిలువు వరుసలకూ మూలం ఒకే క్షణం. ఘడియలు స్థానిక సూర్యోదయం మీద ఆధారపడతాయి, గంటలు భారత ప్రామాణిక కాలం మీద. ఆ కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది కాబట్టి గోదావరి డెల్టాలో స్థానిక కాలానికీ గడియారానికీ తేడా రెండు మూడు నిమిషాలే. హైదరాబాదుకు వెళితే అది పావుగంట దాటుతుంది. అదే లెక్కతో హైదరాబాదు ప్రతి వేయాలంటే గంటల వరుస మారదు, ఘడియల వరుస మొత్తం మారుతుంది. రెండింటినీ విడివిడిగా టైపు చేసిన పేజీలో ఒకటి మార్చి రెండోది మరచిపోవడం తేలిక. ఒకే మూలం నుంచి రెండూ పుట్టించే పేజీలో ఆ తప్పుకు చోటే లేదు.

దృక్ సిద్ధాంతం, పూర్వ సిద్ధాంతం అనే పాత వివాదం కూడా దీన్ని తాకుతుంది. మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన క్యాలెండర్ సంస్కరణ సంఘం ప్రత్యక్ష గణితం, అంటే దృక్ సిద్ధాంతం, వైపు మొగ్గింది. 1957 మార్చి 22 నుంచి జాతీయ క్యాలెండర్ అమల్లోకి వచ్చింది. అయినా పూర్వ సిద్ధాంతపు పాత సూత్రాలతో గణితం చేసే పంచాంగాలు ఆగలేదు. రెండింటి మధ్య తిథి ముగింపులో గంటల తేడా రావచ్చు. ఏది ఒప్పో అచ్చాఫీసు తేల్చనక్కరలేదు. ఏ వరుస ఏ గణితం నుంచి వచ్చిందో షీట్‌లో రాసి ఉంచడం మాత్రం దాని బాధ్యత. లేకపోతే అంటించే చేతిలో రెండూ కలగలిసిపోతాయి.

ఎక్సెల్ చేసే సాయం

పేజీ సాఫ్ట్‌వేర్ మీద పడే నిందల్లో చాలా భాగం నిజానికి ఎక్సెల్‌కు చెందాలి. టైపు చేసినదాన్ని తేదీగానో సంఖ్యగానో అర్థం చేసుకోవడం దాని స్వభావం. ఇంటి నంబరు 5-2-11 అని కొడితే అది 2011 ఫిబ్రవరి అయిదో తేదీ అయిపోతుంది. సర్వే నంబరు 12/3 మార్చి పన్నెండు అవుతుంది. ఘడియ విఘడియలను 12-05 అని రాస్తే మే పన్నెండు. 27-40 అని రాస్తే అలాంటి తేదీ లేదు కనుక ఉన్నదున్నట్టు ఉంటుంది. ఒకే నిలువు వరుసలో కొన్ని గళ్లు తేదీలు, కొన్ని అక్షరాలు. పేజీలోకి వచ్చాక గాని సంగతి బయటపడదు.

చుక్క పెట్టి 12.50 అని రాసేవాళ్లకు ఇంకా ప్రమాదం. ఎక్సెల్ చివరి సున్నాను తీసేసి 12.5 చేస్తుంది. దశాంశంగా తేడా లేదు. ఘడియలుగా చదివితే 50 విఘడియలు 5 విఘడియలయ్యాయి. తప్పు 18 నిమిషాలు. ముహూర్తం చూసుకునే ఇంట్లో అది చిన్న విషయం కాదు.

ఇది మన ఒక్కరి కష్టం కాదు. ఎక్సెల్ మార్చి1, సెప్ట్1 వంటి జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేసి శాస్త్రవేత్తలను ఏళ్ల తరబడి వేధించింది. 2016లో వచ్చిన ఒక పరిశీలనలో ఎక్సెల్ జన్యు జాబితాలు జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు అయిదో వంతులో ఇలాంటి తప్పులు కనిపించాయి. 2020లో జన్యువుల నామకరణ సంఘం ఆ పేర్లనే మార్చింది. ఈ స్వయం మార్పిడిని ఆపే సెట్టింగును మైక్రోసాఫ్ట్ 2023లో తెచ్చింది. గడిని ముందే టెక్స్ట్‌గా నిర్ణయించి అంకెలు కొట్టడం అంతకుముందు నుంచీ ఉన్న మందు. ఆ అలవాటు షీట్ రాసేవాళ్లకు ఉండాలి. పేజీ కట్టేవాళ్లు ఎంత జాగ్రత్తపడినా పోయిన సున్నా తిరిగిరాదు.

గుడ్డు ధరల పట్టిక మరో రకం పరీక్ష. జాతీయ గుడ్ల సమన్వయ సంఘం నెలవారీ పట్టికలో ప్రాంతాలు అడ్డు వరుసలు, నెలలోని తేదీలు నిలువు వరుసలు, చివర సగటు. ధర నూరు గుడ్లకు. తూర్పు గోదావరికి, పశ్చిమ గోదావరికి వేర్వేరు వరుసలుంటాయి. తెరమీద ముప్పై రెండు నిలువులు ఇబ్బంది కాదు. డెమీ సైజు పుస్తకం పేజీలో పట్టవు. తేదీలను కిందికి దించి, కావలసిన రెండు మూడు ప్రాంతాలను పక్కకు తేవాలి. ఈ తిప్పే పని షీట్‌లో ఒక ఆజ్ఞ, పేజీలో పూటంతా శ్రమ. ఏ పక్షం వాళ్లయినా పట్టికను షీట్‌లోనే పేజీకి తగిన రూపానికి తెచ్చుకుని బయలుదేరాలి.

తెలుగు అక్షరం పెట్టే మెలిక

ఇంగ్లీషులో పట్టికల దిగుమతి గురించి చెప్పే సలహాలు మన దగ్గర సగమే పనిచేస్తాయి. పాత తెలుగు ఫాంట్లలో అక్షరాలకు సొంత సంకేతాలు లేవు. ఇంగ్లీషు అక్షరాలు, విరామ చిహ్నాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చున్నాయి. కామా ఉండాల్సిన చోట ఒక వత్తు, కొటేషన్ గుర్తు ఉండాల్సిన చోట ఒక గుడి ఉండవచ్చు. సీఎస్‌వీ ఫైల్లో గళ్లను విడదీసేది కామాయే కనుక ఆ వత్తు ఉన్న ప్రతిచోటా ఒక పేరు రెండు గళ్లుగా చీలుతుంది. అకారాది క్రమంలో పెట్టమంటే ఎక్సెల్ ఆ ముక్కల క్రమంలో పెడుతుంది. పాత ఫాంట్ల ఇళ్లలో ట్యాబ్‌ల పాఠాన్నే నమ్ముకున్నారంటే అందుకు కారణం ఉంది. ట్యాబ్ స్థానంలో ఏ అక్షరమూ కూర్చోదు.

తెలుగు 1991లోనే యూనికోడ్‌లో చేరింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు మామూలు కంప్యూటర్లకు వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యుల పోతన, వేమన ఫాంట్లు, సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, ఎన్టీఆర్, రామభద్ర వంటివి ఎంపికను పెంచాయి. అయినా యూనికోడ్ షీట్ నుంచి బయలుదేరినవాళ్లకూ ఒక గొయ్యి ఉండేది. పాత ఎక్సెల్‌లో సీఎస్‌వీగా దాస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలయ్యేది. యూనికోడ్ టెక్స్ట్ అనే వేరే రకంగా దాచాలని తెలిసినవాళ్లు తక్కువ. ఎక్సెల్ 2016లో యూటీఎఫ్-8 సీఎస్‌వీ వచ్చాక ఆ బాధ తగ్గింది.

గడిలోకి వచ్చాక మరో రెండు జాగ్రత్తలు. వత్తులు కిందికి దిగుతాయి కనుక ఇంగ్లీషు పట్టికకు సరిపోయిన వరుస ఎత్తు తెలుగుకు చాలదు. వరుస ఎత్తును కచ్చితం అని పెడితే పట్టని పాఠం గడిలో ఎర్రచుక్క వెనక దాక్కుంటుంది, అచ్చులో కనిపించదు. కనీసం అని పెడితే గడి పెరుగుతుంది, పేజీ పొంగుతుంది. పొంగిన పేజీ కంటికి కనిపిస్తుంది, దాక్కున్న అంకె కనిపించదు. అందుచేత కనీసం అనే ఎంపికే క్షేమం. రెండోది అంకెల వెడల్పు. కొన్ని తెలుగు ఫాంట్లలో 1 సన్నంగా, 8 వెడల్పుగా ఉంటాయి. మొత్తాల వరుసలో ఒకట్లు ఒకట్ల కింద నిలవవు. అంకెలకు వేరే ఫాంటు నిర్ణయించి గడి స్టైల్లోనే పెట్టడం మంచిది.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఒక్కసారి అచ్చయి, ప్రూఫులో నాలుగైదు చోట్ల మాత్రమే మారే పట్టికకు అంటించడమే చాలు. ఖర్చు లేదు, కన్ను పడుతుంది. అచ్చుకు పోయేలోపు పలుమార్లు మారుతూ, రూపం మాత్రం స్థిరంగా ఉండే ధరల పట్టికకు లింకు నప్పుతుంది, అలంకరణ స్టైళ్లలో ఉంటేనే. ఏటా అదే రూపంతో కొత్త అంకెలు వచ్చే పంచాంగం, సభ్యుల జాబితా, పరీక్ష ఫలితాల వంటివాటికి ప్రోగ్రాము దారి. అందులోనూ ట్యాగ్డ్ టెక్స్ట్ చౌక, ఎక్స్‌ఎమ్‌ఎల్ గట్టిది, స్క్రిప్టు చురుకైనది. వందల పేజీలు ఒకే తీరుగా ఉండి, పేజీ అందం మీద చేతిపని అక్కరలేని గణాంకాల పుస్తకాలకు టెక్. పత్రికల ప్రత్యేక సంచికల్లో ఈ నాలుగూ ఒకే పుస్తకంలో కలిసే సందర్భాలూ ఉంటాయి, అందులో తప్పేమీ లేదు.

ఏ దారి పట్టినా ఒక నియమం మాత్రం మారకూడదు. పేజీలో అంకె దిద్దకూడదు. దిద్దుబాటు షీట్‌లో జరగాలి, పేజీ దాన్ని అందుకోవాలి. అంటించే పక్షం కూడా దీన్ని పాటించవచ్చు, మళ్లీ అంటించడమే కదా. తెలుగు అచ్చులో ఏళ్ల తరబడి ఒకే తప్పు తిరిగి తిరిగి రావడానికి సాఫ్ట్‌వేర్ కంటే ఈ నియమం లేకపోవడమే పెద్ద కారణమని గట్టిగా అనవచ్చు.

ఇంకా తేలనివి

ఆ నియమం అమలు దగ్గరే మొదటి చిక్కు. ప్రూఫు కాగితం మీద వస్తుంది. సిద్ధాంతి ఎర్ర సిరాతో దిద్దుతారు. దాన్ని షీట్‌లో ఎక్కించాల్సింది ఆపరేటరా, సిద్ధాంతి శిష్యుడా, ప్రచురణకర్త గుమాస్తానా? ఆపరేటరు షీట్ ముట్టుకుంటే గణితం బాధ్యత అతని మీద పడుతుంది. ముట్టుకోకపోతే చివరి రాత్రి పని ఆగుతుంది. సాధనాల గురించి ఇన్ని మాటలున్నాయి గాని, ఈ పని విభజన మీద చర్చ దాదాపు లేదు.

పాత ఫాంట్లలో ఉన్న పట్టికల సంగతి రెండోది. వెన్న నాగార్జున రూపొందించిన పద్మ వంటి పనిముట్లు పత్రికల వెబ్ ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చి దారి చూపాయి. వచనం మారితే ఒకటి రెండు అక్షర దోషాలు చదువరి సర్దుకుంటాడు. పట్టికలో ట్యాబ్ ఒకటి జారితే వరుస మొత్తం పక్క గడిలోకి పోతుంది, సర్దుకోవడం కుదరదు. దశాబ్దాల పంచాంగాలను, సంఘాల లెక్కలను మార్చాలంటే అక్షరం మార్చే పనిముట్టు చాలదు, గడి సరిచూసే పనిముట్టు కావాలి. అది రావలసి ఉంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. పంచాంగ గణితాన్ని దాచుకోవడానికి అందరూ ఒప్పుకున్న ఒక ఫైలు రూపం తెలుగు ప్రచురణలో స్థిరపడలేదు. ఒక్కో సిద్ధాంతిది ఒక్కో షీట్, ఒక్కో ప్రచురణకర్తది ఒక్కో క్రమం. తిథి ముగింపును తేదీతో కూడిన క్షణంగా రాయాలా, సూర్యోదయం నుంచి ఘడియలుగా రాయాలా? తెల్లవారుజామున 4-12 అన్నది ఏ రోజు వరుసలోకి వస్తుంది? సూర్యోదయానికి ముందు కనుక పంచాంగం లెక్కలో అది నిన్నటి రోజు, గడియారం లెక్కలో నేటిది. గణితం చేసేవాళ్లు, పేజీ కట్టేవాళ్లు కలిసి కూర్చుని ఒక ఉగాదికి ముందు ఈ రెండు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే, మిగతాది ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా చేసుకోవచ్చు.